రోమ్‌కు ఎప్పుడు వెళ్లాలి: ఎండ లెక్క, పండుగల లెక్క

రోమ్ చూడటానికి ఏ కాలం మంచిదని అడిగితే దాదాపు అందరూ ఒకే మాట చెబుతారు: ఏప్రిల్, మే నెలలు, లేకుంటే సెప్టెంబరు, అక్టోబరు. ఉష్ణోగ్రతల పట్టిక మాత్రమే ముందు పెట్టుకుంటే ఈ సలహాను తప్పుపట్టలేం. ఆ నాలుగు నెలల్లో పగటి ఉష్ణోగ్రత సగటున 19 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటుంది. రోజంతా కాలినడకన తిరిగేవారికి అంతకంటే అనువైన వేడి దొరకదు. అయితే ఈ సలహా కొన్ని దశాబ్దాలుగా అమెరికా వాళ్లకూ, జర్మనీ వాళ్లకూ, జపాన్ వాళ్లకూ, ఇప్పుడు మనకూ ఒకే విధంగా అందుతూ వస్తోంది. దాన్ని పాటించినవారందరూ అవే వారాల్లో అదే ట్రెవీ ఫౌంటెన్ ముందు చేరుతున్నారు. వాతావరణం బాగుండటమే ఆ నెలలు ఖరీదుగా, కిటకిటగా మారడానికి కారణమయింది.

రోమ్‌లో ఒక నెల ప్రయాణానికి మంచిదో కాదో తేల్చేవి వాతావరణంతో పాటు మరికొన్ని ఉన్నాయి. పగటి వెలుతురు ఎన్ని గంటలు ఉంటుంది, కేథలిక్ చర్చి పండుగలు ఎప్పుడు వస్తాయి, ఇటలీ ప్రజలు తమ సెలవులు ఎప్పుడు తీసుకుంటారు అనే మూడు లెక్కలు ఆ నగరాన్ని నెలనెలకూ మార్చేస్తాయి. పిల్లలున్న తెలుగు కుటుంబాలకు బడి సెలవులు నాలుగో లెక్క. వీటన్నిటినీ కలిపి చూసినప్పుడు, తొలిసారి రోమ్ చూడబోయేవారికి సంక్రాంతి రోజుల నుంచి ఫిబ్రవరి మధ్య వరకు ఉండే చలికాలం అన్నిటికంటే మేలైన ఎంపిక అనీ, నవంబరు దాని తర్వాతిదనీ, అందరూ మెచ్చుకునే ఏప్రిల్ చివరి వారాలు పెట్టిన డబ్బుకు అతి తక్కువ ఫలితమిచ్చేవనీ నా అభిప్రాయం. కారణాలు కొంత వివరంగా చెప్పాలి.

ముందు వానల సంగతి. మన నైరుతి రుతుపవనాల లెక్కను రోమ్‌కు వర్తింపజేస్తే అంతా తలకిందులవుతుంది. వేసవిలో అట్లాంటిక్ మీది అధిక పీడన ప్రాంతం ఉత్తరానికి జరిగి మధ్యధరా ప్రాంతాన్ని కప్పేస్తుంది కాబట్టి జూన్ నుంచి ఆగస్టు వరకు అక్కడ ఆకాశం దాదాపు నిర్మలంగా ఉంటుంది, జూలైలో వాన పడటమే అరుదు. శరదృతువులో ఆ పీడనం వెనక్కు తగ్గుతుంది. వేసవంతా వేడెక్కిన సముద్రం ఇంకా చల్లబడక ముందే దాని మీదుగా చల్లని గాలులు వీయడం మొదలవుతుంది, ఆ రెండింటి కలయికతో అక్టోబరు, నవంబరు నెలల్లో గట్టి వానలు కురుస్తాయి. ఏడాది మొత్తానికి సుమారు 800 మిల్లీమీటర్లు పడితే, అందులో నవంబరు వాటా 100 మిల్లీమీటర్ల పైమాటే. ఈ అంకె చూసి నవంబరును కొట్టిపారేయనవసరం లేదు. అక్కడి వాన రోజుల తరబడి ముసురు పట్టడం తక్కువ. ఉరుములతో వచ్చి, గంటా రెండు గంటలు గట్టిగా కురిసి, ఎండకు దారిస్తుంది. వానలో అసలు చిక్కు కాళ్ల కింద ఉంటుంది. పాత రోమ్ వీధులకు పరిచిన నల్లని బసాల్ట్ రాళ్లు తడిస్తే బాగా జారతాయి, పెద్దవాళ్లను వెంట తీసుకెళ్లేవారు పట్టు ఉన్న బూట్లు చూసుకోవాలి.

వేసవి వేడి గురించి మనవాళ్లలో ఒక అతినమ్మకం కనిపిస్తుంది. రామగుండంలో, విజయవాడలో 45 డిగ్రీలు చూసినవారికి రోమ్ జూలైలోని 32 డిగ్రీలు ఒక లెక్కా అనుకుంటారు. వేసవిలో మనం మధ్యాహ్నం పన్నెండు దాటాక బయటికి వెళ్లం, ఇంట్లో ఫ్యాన్ కింద ఉంటాం, సాయంత్రం ఆరున్నరకల్లా పొద్దు వాలుతుంది. రోమ్‌లో యాత్రికుడికి ఈ మూడు వెసులుబాట్లూ ఉండవు. టికెట్ మీద రాసిన సమయం మధ్యాహ్నం రెండయితే రెండుకే వెళ్లాలి. ప్రాచీన నగరపు ప్రధాన కూడలి అయిన ఫోరమ్ శిథిలాల మధ్య చెట్టు నీడ బహు తక్కువ. జూన్ చివర సూర్యాస్తమయం రాత్రి 8.45 దాటాక అవుతుంది. అంటే ఎండలో గడిపే గంటలు మన ఊళ్లో కంటే రెట్టింపు కావచ్చు. పైగా సహారా వైపు నుంచి సిరోకో అనే గాలి వీచే రోజుల్లో ఉక్కపోత తోడవుతుంది. 2023 జూలైలో ఆ నగరంలో ఉష్ణోగ్రత 40 దాటింది. ఊరటనిచ్చేవి రెండు: సాయంత్రం సముద్రం వైపు నుంచి వచ్చే పొనెంతీనో అనే చల్లగాలి, వీధి వీధికీ ఉండే మంచినీటి కుళాయిలు. ముక్కు ఆకారపు గొట్టం ఉన్నందున నాసోనీ అని పిలిచే ఈ కుళాయిలు నగరంలో సుమారు రెండున్నర వేలు ఉన్నాయి. ఆ నీరు చల్లగా, శుభ్రంగా ఉంటుంది, కొనుక్కోనక్కర్లేదు.

నిజానికి రోమ్‌ను వేసవిలో చూడటం అనే అలవాటు చరిత్రలో చాలా కొత్తది. శతాబ్దాల పాటు వేసవి రోమ్ అంటే జనం భయపడేవారు, కారణం మలేరియా. 1623 వేసవిలో జరిగిన పోప్ ఎన్నికలో పాల్గొన్న కార్డినళ్లలో, అంటే పోప్‌ను ఎన్నుకునే పెద్ద మతాధికారుల్లో, పలువురు జ్వరాలతో మరణించారు. వాటికన్ పరిసరాలు పల్లంలో, టైబర్ నది ఒడ్డున ఉండటం వల్ల, ఎత్తుగా గాలి తగిలే క్విరినాల్ కొండ మీద వేసవి విడిదిగా 1583లో పోప్ 13వ గ్రెగరీ ఒక భవనం మొదలుపెట్టారు. ఇప్పుడు ఇటలీ అధ్యక్షుడు ఉండేది ఆ భవనంలోనే. 18వ శతాబ్దంలో చదువులో భాగంగా ఇటలీ యాత్రకు వచ్చిన ఇంగ్లండ్, జర్మనీ సంపన్న యువకులు చలి మొదలయ్యే వేళకు రోమ్ చేరి, శీతాకాలమంతా ఉండి, ఈస్టర్ చూసుకుని వెళ్లేవారు. దోమకూ మలేరియాకూ ఉన్న ముడిని 1897లో మన సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ కనిపెట్టిన మరుసటి ఏడే, మనుషులకు ఆ జ్వరాన్ని చేరవేసేది అనాఫిలిస్ దోమ అని రోమ్‌లో జొవాన్ని బత్తీస్తా గ్రాస్సీ బృందం నిరూపించింది. 1930లలో నగరానికి దక్షిణాన ఉన్న చిత్తడి నేలలను ఎండగట్టారు, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత దోమలను నిర్మూలించారు. ఆ తర్వాతే వేసవి యాత్ర సురక్షితమైంది. జీతంతో కూడిన సెలవులూ విమానాలూ వచ్చాక జనం వేసవికి అలవాటు పడ్డారు. రోమ్‌కు అసలైన యాత్రా కాలం చలికాలమేనని చెబితే ఈ రోజు వింతగా వినిపిస్తుంది గానీ, ఆ నగరం తెలిసిన పాత తరాలకు అది మామూలు సంగతి.

ఇక వెలుతురు. రోమ్ దాదాపు 42 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. హైదరాబాద్‌లో ఏడాదిలోని అతి పొడవైన పగటికీ అతి చిన్న పగటికీ తేడా రెండు గంటలకు కాస్త ఎక్కువ. రోమ్‌లో అది ఆరు గంటలు. జూన్‌లో పగలు పదిహేను గంటలకు పైగా ఉంటే, డిసెంబరులో తొమ్మిది గంటలకు కాస్త ఎక్కువ. అక్టోబరు చివరి ఆదివారం నాడు గడియారాలను గంట వెనక్కు తిప్పుతారు కాబట్టి ఆ మరుసటి వారం నుంచి సాయంత్రం ఐదింటికే చీకటి పడుతుంది. కొలోసియం అనే ప్రాచీన క్రీడా ప్రాంగణం, ఫోరమ్ వంటి ఆరుబయటి కట్టడాలు సూర్యాస్తమయాన్ని బట్టి మూస్తారు: వేసవిలో సాయంత్రం ఏడు దాటేదాకా తెరిచి ఉండేవి, చలికాలంలో నాలుగున్నరకే మూతపడతాయి, లోపలికి అనుమతి గంట ముందే ఆగిపోతుంది. చలికాలపు యాత్రకు ఇదే నిజమైన మూల్యం. దీనికి విరుగుడు రోజును తిప్పి అమర్చుకోవడం: ఉదయం ఆరుబయటి శిథిలాలు, మధ్యాహ్నం మ్యూజియం, చీకటి పడ్డాక దీపాల వెలుగులో చర్చిలూ కూడళ్లూ. రోమ్‌లోని ముఖ్యమైన చర్చిలు చాలావరకు సాయంత్రం ఆరేడు గంటల దాకా తెరిచి ఉంటాయి, వాటిలో ఎక్కువ వాటికి టికెట్ లేదు.

చలికాలపు వెలుతురు గంటల్లో తక్కువే గానీ తీరులో మెరుగు. జూన్ మధ్యాహ్నం సూర్యుడు 71 డిగ్రీల ఎత్తున నిలబడి, రాతి ముఖభాగాల మీది చెక్కడాలను చదును చేసేస్తాడు. డిసెంబరు మధ్యాహ్నం కూడా అతడు 25 డిగ్రీల ఎత్తు దాటడు కాబట్టి రోజంతా వాలుగా వచ్చే ఎండ ట్రావర్టీన్ అనే లేత రంగు సున్నపు రాయిని పసుపు రంగులో ముంచుతుంది, ప్రతి చెక్కడానికీ నీడ పడుతుంది. పాంథియన్ అనే ప్రాచీన రోమన్ గుడిలో ఈ తేడా కొలిచి చూపినట్లు కనిపిస్తుంది. ఆ గుడి గుమ్మటం నడినెత్తిన సుమారు తొమ్మిది మీటర్ల వెడల్పున్న గుండ్రని కంత ఉంది, కిటికీ మరొకటి లేదు. వేసవిలో దానిలోంచి పడే వెలుగు చక్రం నేల మీద తిరుగుతుంది. సెప్టెంబరు చివర పగలూ రాత్రీ సమానమయ్యే శరద్విషువత్తు దాటాక అది గుమ్మటం లోపలి గోడ మీదికి ఎక్కి మళ్లీ వసంతం దాకా అక్కడే ఉంటుంది. రోమ్ పుట్టినరోజుగా జరుపుకునే ఏప్రిల్ 21 ప్రాంతంలో మధ్యాహ్నపు వెలుగు సరిగ్గా ద్వారం మీద పడుతుంది. వాన రోజున అదే కంతలోంచి ధార లోపలికి దిగుతుంది. నీరు పోవడానికి నేలకు వాలూ రంధ్రాలూ పెట్టారు. వానలో చూడదగ్గ కట్టడం రోమ్‌లో ఏదైనా ఉంటే అది పాంథియనే.

యాత్రికులు అతి తక్కువగా పట్టించుకునేది, వారి రోజును అతి ఎక్కువగా దెబ్బతీసేది చర్చి పండుగల పట్టిక. ఈస్టర్ మన పండుగల్లాగే చంద్రుణ్ణి బట్టి మారుతుంది: మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పౌర్ణమి దాటిన మొదటి ఆదివారం. అందుకే అది 2026లో ఏప్రిల్ 5న, 2027లో మార్చి 28న, 2028లో ఏప్రిల్ 16న వస్తుంది. మట్టల ఆదివారంతో మొదలయ్యే వారమంతా ప్రపంచం నలుమూలల నుంచి భక్తులు వాటికన్‌కు వస్తారు. గుడ్ ఫ్రైడే రాత్రి కొలోసియం దగ్గర సిలువ మార్గం ప్రార్థన జరుగుతుంది కాబట్టి ఆ రోజు కొలోసియాన్ని త్వరగా మూసేస్తారు. ఈస్టర్ మర్నాడు సోమవారం వాటికన్ మ్యూజియాలకు సెలవు. భక్తితో వెళ్లే తెలుగు క్రైస్తవ కుటుంబాలకు ఆ వారాన్ని మించిన కాలం లేదు, వారికి ఈ వ్యాసంలోని లెక్కలు వర్తించవు. శిల్పాలూ చిత్రాలూ చూడటానికి వెళ్లేవారు మాత్రం అదే వారంలో రోమ్‌లో ఉండటం అంటే తిరుమలకు బ్రహ్మోత్సవాల గరుడ సేవ రోజున చేరి, ఆలయ శిల్పాన్ని తీరిగ్గా పరిశీలించాలనుకోవడమే.

ఈస్టర్ ముగిసినంత మాత్రాన రద్దీ తగ్గదు. ఏప్రిల్ 25 ఇటలీ విమోచన దినం, మే 1 కార్మిక దినం, జూన్ 2 గణతంత్ర దినం. ఈ సెలవులు వారాంతానికి దగ్గరగా వస్తే మధ్యలో ఒక రోజు కలుపుకుని ఇటలీ వాళ్లే నాలుగు రోజుల యాత్రలకు బయల్దేరతారు. జూన్ 2న కొలోసియం ముందున్న పెద్ద రోడ్డు మీద సైనిక కవాతు జరుగుతుంది, ఆ ఉదయం అటువైపు వెళ్లడం కుదరదు. మార్చి నుంచి మే వరకు ఇటలీ బడిపిల్లలను బస్సుల్లో రోమ్ చూపించడానికి తీసుకొస్తారు. మే మధ్య నుంచి అమెరికా విశ్వవిద్యాలయాల సెలవులు తోడవుతాయి. ఇవన్నీ మంచి వాతావరణం మీదే వచ్చి పడతాయి. కొలోసియం లోపల ఒకే సమయంలో మూడు వేల మందిని మించి ఉండనివ్వరు, టికెట్లు పేర్ల మీద, ముప్ఫై రోజుల ముందు మాత్రమే విడుదలవుతాయి. 2024లో కొలోసియాన్ని చూసినవారు కోటీ నలభై లక్షలకు పైమాటే. ఆ జనంలో పెద్ద భాగం ఈ నెలల్లోనే వస్తుంది కాబట్టి మే నెలలో అనుకున్న రోజుకు, అనుకున్న గంటకు టికెట్ దొరకడం అదృష్టం మీద ఆధారపడిన విషయం.

వాటికన్‌కు తనదైన క్యాలెండర్ ఉంది. మ్యూజియాలు ఆదివారాలు మూసి ఉంటాయి, నెలలో చివరి ఆదివారం మాత్రం ఉచితంగా తెరుస్తారు. ఆ ఉచితం కోసం వెళ్లినవారు వరుసలో గడిపే సమయం చూస్తే అది చౌక బేరం కాదని తెలుస్తుంది. ఆదివారం ఆగిపోయిన జనమంతా సోమవారం వస్తారు. జూన్ 29న సెయింట్ పీటర్, సెయింట్ పాల్ పండుగ సందర్భంగా నగరానికే సెలవు, మ్యూజియాలూ తెరవరు. పోప్ ప్రజలకు దర్శనమిచ్చేది బుధవారం ఉదయం. అది ఆరుబయట జరిగే రోజుల్లో వాటికన్‌లోని ప్రధాన చర్చి అయిన సెయింట్ పీటర్స్ బసిలికాలోకి మధ్యాహ్నం దాకా వెళ్లనివ్వరు. జూలైలో ఈ సభలు సాధారణంగా ఉండవు. 2025లో పోప్‌గా ఎన్నికైన 14వ లియో, అంతకుముందు పోప్ ఫ్రాన్సిస్ పక్కన పెట్టిన పాత ఆచారాన్ని మళ్లీ మొదలుపెట్టి, ఆ వేసవిలో రోమ్ దగ్గరి కొండ ఊరు కాస్తెల్ గాండోల్ఫోకు విశ్రాంతికి వెళ్లారు. పాతికేళ్లకోసారి వచ్చే, భక్తులు పెద్ద ఎత్తున రోమ్‌కు తరలివచ్చే జూబిలీ అనే పుణ్య సంవత్సరం 2024 డిసెంబరు 24న మొదలై 2026 జనవరి 6న ముగిసింది. తర్వాతి సాధారణ జూబిలీ 2050లో కాబట్టి ఆ రద్దీ భారం ప్రస్తుతానికి దిగిపోయింది.

ఆగస్టు ఒక విచిత్రమైన నెల. క్రీ.పూ. 18లో అగస్టస్ చక్రవర్తి ప్రారంభించిన సెలవు ఉత్సవాల వారసత్వమే ఆగస్టు 15న వచ్చే ఫెర్రాగోస్తో. చర్చి అదే రోజున మరియమాత మోక్షారోపణ పండుగ జరుపుతుంది. మనం జెండా ఎగరేసే రోజున రోమ్ నగరం తాళం వేసుకుని సముద్రానికో కొండలకో వెళ్లిపోతుంది. ఆ ముందూ వెనకా వారాల్లో కుటుంబాలు నడిపే చిన్న హోటళ్లూ, బేకరీలూ, మందుల షాపులూ షట్టర్ దించి సెలవు కాగితం అతికిస్తాయి, సిటీ బస్సులు తగ్గుతాయి. ఊరివాళ్లూ వ్యాపార ప్రయాణికులూ లేనందువల్ల హోటల్ గదుల అద్దె వసంతం కంటే తగ్గడం కూడా ఈ నెలలోనే చూస్తాం. ఎండను తట్టుకోగలిగి, మధ్యాహ్నం గదిలో నిద్రపోయి, రాత్రి పదకొండు దాకా తిరిగే అలవాటున్నవారికి వేసవిలో కొన్ని ప్రత్యేక ఆకర్షణలు లేకపోలేదు. కరకల్లా అనే రోమన్ చక్రవర్తి పేరిట ఉన్న స్నానశాలల శిథిలాల మధ్య 1937 నుంచి వేసవి ఒపెరాలు జరుగుతున్నాయి, నదీ తీరంలో ఆరుబయట సినిమాలు వేస్తారు. ఆగస్టు 5న సాంతా మరియా మజ్జోరె బసిలికాలో, నాలుగో శతాబ్దంలో నడి వేసవిలో మంచు కురిసిందన్న ఐతిహ్యానికి గుర్తుగా, పైకప్పు నుంచి తెల్లని పూరేకులు రాలుస్తారు. అయినా ఇది రోమ్‌ను ఇదివరకే చూసినవారు కోరుకోవలసిన కాలం.

ఇప్పుడు చలికాలం. క్రిస్మస్ రోజులు ఈ లెక్కలోకి రావు. డిసెంబరు 8 నుంచి జనవరి 6న వచ్చే ముగ్గురు రాజుల పండుగ దాకా, ముఖ్యంగా చివరి రెండు వారాల్లో, రద్దీ, ధరలు రెండూ వసంతంతో పోటీ పడతాయి. జనవరి 7న ఇటలీ బడులు తెరుస్తారు. ఆ రోజు నుంచి నగరం ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుంటుంది. హోటళ్లు ఏడాదిలోకెల్లా తక్కువ ధరకు దొరుకుతాయి, దుకాణాల్లో శీతాకాలపు తగ్గింపు అమ్మకాలు మొదలవుతాయి. అన్నిటికంటే ముఖ్యంగా వాటికన్ మ్యూజియాల్లో మైకెలాంజెలో పైకప్పు చిత్రాలున్న సిస్టీన్ చాపెల్‌లో తల పైకెత్తి, పక్కవారి భుజం తగలకుండా, కాసేపు నిలబడగలిగే అవకాశం కలుగుతుంది. రోమ్‌కు వెళ్లేది కళ కోసమైతే ఈ ఒక్క కారణం చాలు. జనవరిలో పగలు సగటున 12 డిగ్రీలు, తెల్లవారుజామున 3 డిగ్రీల వరకు దిగుతుంది. లంబసింగి, ఆదిలాబాద్ చలి ఎరిగినవారికి ఇది మరీ కొత్త కాదు. తేడా ఏమంటే అక్కడ పొద్దెక్కినా కోటు విప్పలేం. ఉత్తరం నుంచి త్రమొంతానా గాలి వీచే రోజున చలి ఎముకలకు తాకుతుంది గానీ, ఆ గాలే మబ్బులను ఊడ్చేసి ఆకాశాన్ని నీలంగా నిలుపుతుంది. మంచు చాలా అరుదు. 2012లోనూ 2018లోనూ ఫిబ్రవరిలో పడినప్పుడు బడులు మూసేశారు, నగరమంతా పిల్లల్లా వీధుల్లోకి వచ్చింది.

చలికాలంలో గదులు వెచ్చగా ఉంటాయా అన్నది అడిగి తెలుసుకోవలసిన విషయం. ఇటలీలో ఇళ్లను వేడి చేసే కాలాన్ని చట్టం నిర్ణయిస్తుంది; రోమ్‌లో అది నవంబరు 1 నుంచి ఏప్రిల్ 15 వరకు, రోజుకు పన్నెండు గంటలకు మించకుండా. అపార్ట్‌మెంట్లు అద్దెకు తీసుకునేవారు అక్టోబరు చివర్లో, ఏప్రిల్ చివర్లో చలి రాత్రి ఎదురైతే దుప్పటినే నమ్ముకోవాలి. ఆశ్చర్యంగా జనవరిలో ఆ ఇబ్బంది ఉండదు. తిండి విషయంలో శాకాహారులకు ఇది మంచి కాలం. రోమ్ వంటలో పేరున్న, పూమొగ్గలా ఉండే కూరగాయ ఆర్టిచోక్‌లు శీతాకాలం చివర మొదలై ఏప్రిల్ దాకా వస్తాయి, పాత యూదుల పేటలో వాటిని పువ్వులా విప్పి నూనెలో కరకరలాడేలా వేయిస్తారు. పుంతరెల్లె అనే చేదు ఆకుకూర చలికాలంలోనే దొరుకుతుంది, అయితే దాని మీద చేపతో చేసిన ముద్ద కలుపుతారు కాబట్టి ముందే చెప్పి వద్దనాలి. చీకటి పడే వేళ టెర్మినీ రైల్వే స్టేషన్ మీద ఆకాశంలో లక్షలాది గోరింకల జాతి పక్షులు ఒకే వస్త్రంలా ముడుచుకుంటూ విచ్చుకుంటూ తిరగడం అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మాత్రమే కనిపించే దృశ్యం. ఆ పక్షులు రాత్రికి వాలేది నది ఒడ్డు చెట్ల మీద. వాటి కింద గొడుగు లేకుండా నడవకపోవడం మంచిది, వాన లేకపోయినా సరే.

అందరికీ చలికాలమే సరిపోతుందని అనడం లేదు. రోమ్‌తో పాటు అమాల్ఫీ తీరం, కాప్రి దీవి కూడా చూడాలనుకునేవారికి జనవరి పనికిరాదు, అక్కడి హోటళ్లలో చాలావాటిని శీతాకాలంలో మూసేస్తారు. గులాబీ తోటలు, ఆరుబయట భోజనం, పొడవాటి సాయంత్రాలు కోరుకునేవారికి మే నెలే సరైనది. అవెంతీనో కొండ మీది నగర గులాబీ తోట తెరిచేదే ప్రధానంగా ఏప్రిల్ చివరి నుంచి జూన్ మధ్య వరకు. ఈస్టర్ తర్వాత ఏడు వారాలకు వచ్చే పెంతెకొస్తు ఆదివారం పాంథియన్ గుమ్మటం కంతలోంచి ఎర్ర గులాబీ రేకులు కురిపిస్తారు. అది 2026లో మే 24, 2027లో మే 16. ఫిబ్రవరి, మార్చి వారాంతాల్లోనూ ఒక మెలిక ఉంది: ఆరు ఐరోపా జట్లు ఆడే సిక్స్ నేషన్స్ రగ్బీ పోటీలు రోమ్ ఒలింపిక్ స్టేడియంలో జరిగే రోజుల్లో బ్రిటన్, ఫ్రాన్స్ అభిమానులు హోటళ్లను నింపేస్తారు కాబట్టి ఆ తేదీలు ముందే చూసుకోవాలి.

మన సెలవులను ఈ పట్టిక మీద పెట్టి చూస్తే చిత్రం కొంత స్పష్టమవుతుంది. తెలుగు రాష్ట్రాల బడులకు వేసవి సెలవులు ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా ఉంటాయి, అంటే రోమ్‌లో రద్దీ పతాక స్థాయికి చేరే ఏడు వారాలతో అచ్చంగా కలిసిపోతాయి. ఆ సెలవులు తప్ప వేరే దారి లేని కుటుంబాలు మే 1 సెలవు దాటాక మొదలుపెట్టి ఆ నెల మూడో వారం లోపు ముగించుకుంటే, రెండు పెద్ద సెలవు గుంపుల మధ్య కొంత సందు దొరుకుతుంది, ఎండా ముదరదు. దసరా సెలవులు అంతకంటే నయం. వేసవి వెళ్లి వానలు ముదరక ముందు వచ్చే ఎండ రోజులను రోమ్ ప్రజలు ఒత్తొబ్రాతె అంటారు, పూర్వం ద్రాక్షకోతల వేళ నగరం బయటి కొండలకు బండ్లు కట్టుకుని పోయేవారు. ధరలు మాత్రం అప్పటికి తగ్గవు. సంక్రాంతి సెలవులు వారం రోజులకు అటూ ఇటూగా, సరిగ్గా రోమ్ ఖాళీగా ఉండే రోజుల్లో వస్తాయి. పండుగ నాడు ఊళ్లో లేకపోవడం చాలామందికి మనసొప్పని పని. దానికి నా దగ్గర జవాబు లేదు. అమెరికాలోని తెలుగు కుటుంబాలకు నవంబరు నాలుగో గురువారం చుట్టూ వచ్చే థాంక్స్‌గివింగ్ సెలవు ఇటలీలో మామూలు పని వారం, బ్రిటన్‌లో ఉన్నవారికి ఫిబ్రవరి మధ్యలో బడులకు వారం సెలవు ఉంటుంది. ఈ రెండూ రోమ్‌కు బాగా నప్పుతాయి.

చివరి అడ్డంకి వీసా. ఇటలీతో సహా చాలా ఐరోపా దేశాలకు ఉమ్మడిగా ఇచ్చే షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి, కనీసం పదిహేను రోజుల ముందు వరకు దరఖాస్తు చేయవచ్చు. 2024 జూన్ నుంచి పెద్దలకు రుసుము 90 యూరోలు. పరిశీలనకు మామూలుగా పదిహేను రోజులు, అవసరమైతే 45 రోజులు తీసుకునే అధికారం వారికి ఉంది. వేసవి ప్రయాణాల కోసం దేశమంతా ఒకేసారి దరఖాస్తు చేస్తుంది కాబట్టి ఫిబ్రవరి నుంచి అపాయింట్‌మెంట్లు దొరకడమే గగనం అవుతుంది. 2025 అక్టోబరు నుంచి షెంగెన్ సరిహద్దుల్లో బయటి దేశాల వారి వేలిముద్రలు, ఫొటో తీసుకుంటున్నారు, రద్దీ నెలల్లో ఫ్యుమిచీనో విమానాశ్రయంలో ఆ వరుసకు కూడా సమయం కేటాయించుకోవాలి. జనవరి ప్రయాణానికైతే అక్టోబరులో దరఖాస్తు చేస్తే సరిపోతుంది, డిసెంబరు చివరి సెలవుల వల్ల పని మందగించే ప్రమాదం కూడా తప్పుతుంది. కొలోసియం టికెట్లు ముప్ఫై రోజుల ముందు విడుదలవుతాయి కాబట్టి, జనవరి 12న చూడాలనుకునేవారు డిసెంబరు 13న వెబ్‌సైట్ తెరిస్తే చాలు. మే నెలలో నిమిషాల్లో అయిపోయే ఉదయపు టికెట్లు ఆ రోజుల్లో చాలాసార్లు మరుసటి వారం కూడా మిగిలే ఉంటాయి.